ఇది ఆ కారేనా?

1930 మార్చి. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని కాన్ నగరంలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే కబుర్లు రైళ్ల మీదికి మళ్లాయి. ‘బ్లూ ట్రెయిన్’ అని పేరుపడ్డ ఎక్స్‌ప్రెస్‌ను కారు ఓడించగలదా అన్నది వాదన. బెంట్లీ కంపెనీ చైర్మన్ ఉల్ఫ్ బార్నాటో పందెం కట్టాడు. ఆ రైలు ఫ్రాన్స్ ఉత్తర కొసన ఉన్న కలే రేవుకు చేరేలోపు తాను సముద్రం కూడా దాటేసి లండన్‌లో తన క్లబ్బులో ఉంటానన్నాడు. 13వ తేదీ సాయంత్రం రైలూ కదిలింది, ఆయనా కదిలాడు. మర్నాడు మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు ఆయన బెంట్లీ స్పీడ్ సిక్స్ క్లబ్బు ముందు ఆగింది. రైలు కలే చేరడానికి ఇంకా 4 నిమిషాలుంది.

మరి ఆ రాత్రి పరిగెత్తిన కారు ఏది? కొన్ని దశాబ్దాల పాటు లోకం చూపించిన కారు ఒకటుంది. గర్నీ నటింగ్ అనే బాడీ కంపెనీ కట్టిన కూపే. కప్పు బాగా కిందికి దిగి, వెనక్కి జారుతూ పోతుంది. కిటికీలు సన్నటి చీలికల్లా ఉంటాయి. ముందు రెండు సీట్లు, వెనక అడ్డంగా ఒక్కటే సీటు. చూడగానే ‘రైలును ఓడించింది ఇదే’ అనిపించే వాలకం. ప్రసిద్ధ చిత్రకారుడు టెరెన్స్ క్యూనియో ఆ కూపే రైలు పక్కనే దూసుకుపోతున్నట్టు బొమ్మ కూడా వేశాడు. తర్వాతెవరో కాగితాలు తిరగేశారు. ఆ కూపే బార్నాటో చేతికొచ్చింది 1930 మే నెలలో! మార్చిలో పందెం జరిగేనాటికి దాని బాడీ పనే పూర్తి కాలేదు. ఆ రాత్రి ఆయన నడిపింది హెచ్.జె. ముల్లినర్ కట్టిన నాలుగు తలుపుల సెలూన్. చూడ్డానికి పెద్దమనిషి తరహా కారు.

కూపే నకిలీదేమీ కాదు. అదీ అసలైన స్పీడ్ సిక్సే, యజమాని కూడా బార్నాటోనే. దానికి అంటుకున్న కథ మాత్రం పక్క కారుది. పాత కార్లతో వచ్చే చిక్కంతా ఈ ఒక్క ఉదంతంలో ఉంది. రూపం చూసి మనం నమ్మేస్తాం. అందుకే రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కూపేను బాగుచేసేవాళ్లు స్పానరు అందుకునే ముందు చాలాకాలం ఆ కారును చదువుతూ గడుపుతారు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అతి గొప్ప భాగం అదే. మెరుగు పెట్టడం తర్వాతి సంగతి.

కూపే అన్న మాట గుర్రబ్బళ్ల కాలం నాటిది. ఫ్రెంచిలో దాని అర్థం ‘కోసిన’ అని. ఎదురెదురు సీట్లున్న కోచ్ బండిలో ముందు సగం కోసేసి, వెనక సీటు మాత్రం ఉంచితే కూపే. కార్ల కాలంలో అది రెండు తలుపులు, గట్టి కప్పు, ఒకే వరుస సీటు ఉన్న బండికి పేరైంది. ముగ్గురో నలుగురో ఎక్కాలంటే ఎలా? కారు తోక భాగంలో ఒక మూత ఉండేది. దాన్ని వెనక్కి లాగితే లోపలి నుంచి మరో సీటు తెరుచుకునేది. అందులో కూర్చున్నవాళ్లకు కప్పు లేదు, అద్దం లేదు. ఎండా వానా వాళ్లవే. అమెరికన్లు దాన్ని రంబుల్ సీటు అన్నారు, ఇంగ్లండులో డిక్కీ సీటు అన్నారు. సీటు పోయింది, మూత మిగిలింది, మాట మన దగ్గర మిగిలింది. ఇవాళ ఊరెళ్లేటప్పుడు ‘బ్యాగు డిక్కీలో పెట్టు’ అంటున్నామంటే ఆ వెనక సీటునే తలుచుకుంటున్నామన్నమాట. స్టెప్నీ కూడా అలాంటిదే. వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధి పేరు మీద అదనపు చక్రాలు తయారుచేసిన కంపెనీ పేరది. ఇంగ్లండు వాళ్లే మరిచిపోయిన ఆ రెండు మాటలను మన మెకానిక్ షెడ్లు ఇప్పటికీ మోస్తున్నాయి.

ఇక అసలు కారు ముందుకు వెళ్దాం. ప్రపంచంలో ఎక్కడైనా పాత షెడ్డు తలుపు తీస్తే కనబడే అవకాశం ఎక్కువగా ఉన్న యుద్ధపూర్వపు కూపే ఫోర్డ్ మోడల్ ఏ. 1927 చివర మొదలై 1931 దాకా దాదాపు 48 లక్షల మోడల్ ఏ బళ్లు తయారయ్యాయి. అందులో కూపేలే రకరకాలు. ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఏజెంట్ల కోసం బిజినెస్ కూపే ఉంది. స్పోర్ట్ కూపే అని ఇంకొకటి ఉంది. దాని కప్పుకు బట్ట తొడిగి, పక్కన వంపు తిరిగిన ఇనుప చట్రాలు బిగించారు. చూస్తే మడిచే కప్పులా ఉంటుంది గానీ ఎంత లాగినా మడవదు, అలంకారం అంతే. దాన్ని కన్వర్టిబుల్ అనుకుని కొన్నవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

కారు ఏ ఏడాదిదో తేల్చడానికి ముందుగా చక్రం కొలుస్తారు. 21 అంగుళాలైతే 1928–29 కారు, 19 అంగుళాలైతే 1930–31. కానీ చక్రమంటే ఐదు నట్లు విప్పితే మారిపోయేది. సాక్ష్యంగా దాని విలువ తక్కువ. తర్వాత రేడియేటర్ చుట్టూ ఉండే చట్రం. మొదటి రెండేళ్లూ పొట్టిగా, నికెల్ పూతతో ఉండేది. తర్వాతి రెండేళ్లూ ఎత్తు పెరిగి స్టెయిన్‌లెస్ స్టీలుకు మారింది. ఇదీ ఒక పూట పనితో మార్చగలిగిందే. ఇంకాస్త వెనక్కి రండి. బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య ఉన్న రేకు మీద చెయ్యి వేయండి. మోడల్ ఏలో అది వట్టి రేకు కాదు, పెట్రోలు ట్యాంకే అది! ట్యాంకు పైపొరే కారు ఒంటి మీద చర్మం. పెట్రోలు పంపు అక్కర్లేకుండా బరువుతోనే కిందికి దిగి కార్బురేటర్‌కు చేరాలని ఇంజనీర్లు ట్యాంకును అంత ఎత్తున పెట్టారు. 1930లో ఈ భాగం ఆకారం మారింది, అంతకుముందున్న ఎత్తైన అతుకు గీత పోయి నున్నగా అయింది. దీన్ని మార్చాలంటే కారు ముందు భాగమంతా విప్పాలి. కాబట్టి చక్రం ఒకటి చెప్పి ట్యాంకు ఇంకొకటి చెబితే ట్యాంకునే నమ్ముతారు.

ఇక్కడే ఈ విద్యకు మూలసూత్రం దొరుకుతుంది. ఒక భాగాన్ని మార్చడం ఎంత కష్టమో, మార్చడం వల్ల ఎవరికీ ఎంత లాభం లేదో, దాని సాక్ష్యం అంత గట్టిది. చేతికి అందేవి, కంటికి ఇంపైనవి ఎన్నిసార్లు చేతులు మారాయో ఎవరికీ తెలియదు. డాష్‌బోర్డు వెనక, సీటు కింద, తలుపు కీలు లోపల ఉన్నవాటి జోలికి ఎవరూ పోరు.

నంబర్లకూ ఇదే సూత్రం. మోడల్ ఏ ఇంజిన్ దిమ్మకు ఎడమవైపు, నీళ్లు లోపలికి వెళ్లే గొట్టం పైన, చదునైన చోట నంబరు కొట్టి ఉంటుంది. ముందూ వెనకా ఒక్కో నక్షత్రం గుర్తు, A అక్షరం, తర్వాత అంకెలు. అదే నంబరు ఛాసిస్ ఎడమ పట్టె మీద కూడా కొట్టారు. కానీ అది బాడీ కింద పడిపోతుంది, బాడీ పైకెత్తితే తప్ప కనబడదు. ఇంజిన్ పాడైతే డీలరు ఇంకొకటి బిగించి పాత నంబరే దాని మీద కొట్టేవాడు. ఇంజిన్ మాట మారవచ్చు, ఛాసిస్ మాట మారదు. 1932లో వచ్చిన ఫోర్డ్ వి8 కూపే దగ్గరికొస్తే ఇంకో తమాషా ఉంది. ఆ ఇంజిన్ దిమ్మ మీద అసలు నంబరే ఉండదు. నంబరు పడింది క్లచ్ హౌసింగ్ మీద, ఛాసిస్ మీద. ఈ సంగతి తెలియక దిమ్మంతా గీకి గీకి ‘నంబరు చెరిపేశారు’ అని బెంగపడేవాళ్లున్నారు.

మన దేశంలో దొరికే మోడల్ ఏ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. స్టీరింగు కుడివైపు ఉండే ఫోర్డులు బ్రిటిష్ వలసలకు ఎక్కువగా కెనడా ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. కెనడా ఇంజిన్ల నంబరు ముందు CA ఉంటుంది. అమెరికా పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే ఆ C అనుమానాస్పదంగా కనబడుతుంది. నిజానికి ఇక్కడి కారుకు అదే మంచి గుర్తు.

నంబరును ఎవరైనా నిజంగానే అరగదీసేస్తే? దొంగ కారుకో, కాగితాలు లేని కారుకో ఆ పని జరుగుతుంది. ఆకురాయి పెట్టి నున్నగా చేసి, దానిమీద కొత్త అంకెలు కొడతారు. కంటికి ఏమీ మిగలదు. లోహానికి మాత్రం గుర్తుంటుంది. ఎలాగో చూద్దాం. స్టీలంటే లోపల లెక్కలేనన్ని చిన్న చిన్న స్ఫటికాల గుంపు. ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొట్టినప్పుడు పైన గుంట పడుతుంది, అది మనకు కనబడే అంకె. గుంట అడుగున ఉన్న స్ఫటికాలు కూడా నలిగి, సాగి, వాటి అమరిక చెదిరిపోతుంది. ఆ నలుగుడు గుంట లోతుకు మించి కిందికి దిగుతుంది. అరగదీసినవాడు గుంట దాకానే పోతాడు, కింద నలిగిన పొర అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ చోటును అద్దంలా నునుపు చేసి, కాపర్ క్లోరైడు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో దూది ముంచి మెల్లగా రుద్దుతారు. నలిగిన స్ఫటికాల్లో శక్తి దాగి ఉంటుంది కనుక ఆమ్లం వాటిని తొందరగా కొరుకుతుంది, పక్కనున్న క్షేమమైన లోహాన్ని నెమ్మదిగా కొరుకుతుంది. రుద్దుతూ ఉండగా, కాంతి ఏటవాలుగా పడేలా తల వంచి చూస్తే, బూడిదరంగు మీద నీడలాగా ఒక 7, పక్కన సగం 3 తేలుతాయి. తేలినవి ఎక్కువసేపు నిలవవు. ఆమ్లం ఇంకా కొరికితే నలిగిన పొరే పోతుంది, దాంతో అంకె శాశ్వతంగా మాయమవుతుంది. అందుకే పక్కన ఒకరు కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉంటారు. పోలీసు ఫోరెన్సిక్ ప్రయోగశాలలు తుపాకులపై చెరిపిన నంబర్లు చదివేదీ ఈ పద్ధతిలోనే. అయితే ఇది చుట్టిన స్టీలుతో చేసిన ఛాసిస్ మీద పనిచేసినంత బాగా పోత ఇనుముతో చేసిన ఇంజిన్ దిమ్మ మీద పనిచేయదు. పోత ఇనుము పెళుసు, కొడితే నలిగేకంటే చిట్లిపోయేదే ఎక్కువ. లోపల గ్రాఫైటు పలుకులు అడ్డం వస్తాయి. ఛాసిస్ మాటే నమ్మదగిందని ఇందాక అన్నాను కదా, దాని వెనక లోహశాస్త్రం కూడా ఉంది.

రేకు సంగతి తేల్చడానికి చిన్న అయస్కాంతం చాలు. దాన్ని పలచటి గుడ్డలో చుట్టి మడ్‌గార్డు మీద, తలుపు అడుగున, వెనక కిటికీ పక్కన మెల్లగా జరుపుతారు. గట్టిగా అంటుకుంటున్నది ఒక్కచోట వదులైందంటే అక్కడ స్టీలుకూ అయస్కాంతానికీ మధ్య ఇంకేదో మందంగా ఉందన్నమాట. చాలామంది వెంటనే ‘పుట్టీ కొట్టి మోసం చేశారు’ అంటారు. తొందర పడకూడదు. యుద్ధపూర్వపు కంపెనీలే బాడీ అతుకుల మీద సీసం పోసేవి. రెండు రేకులు కలిసే చోట గుంట నింపి, కర్ర బద్దతో నున్నగా సర్ది, పైన రంగు వేసేవారు. అందుకు వాడింది 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం ఉన్న మిశ్రమం. 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది గానీ సుమారు 255 డిగ్రీలు దాటితే తప్ప పూర్తిగా నీరుకాదు. మధ్యలో చల్లటి వెన్నలా ఉంటుంది. ఆ కొద్దిపాటి వేడి తేడాలోనే నిలువు గోడ లాంటి రేకు మీద కూడా జారిపోకుండా దాన్ని కావలసిన ఒంపుకు తీర్చేవారు ఆనాటి పనివాళ్లు. కాబట్టి అయస్కాంతం జారింది అతుకు ఉండాల్సిన చోటైతే అది అసలు కారు సంతకం. తలుపు నడిమధ్య అయితే ఎప్పుడో గుద్దుకున్న దెబ్బ. సీసం విషం. దాన్ని ఎమరీతో గీకి పొడి రేపకూడదు, ఆకురాయితోనే తియ్యాలి, ముక్కుకు మాస్కు ఉండాలి.

పైకి చూస్తే కప్పు మధ్యలో ఇంకో గుర్తు. 1930ల మధ్య వరకు చాలా కార్ల కప్పు నడుమ స్టీలు ఉండదు, పెద్ద రంధ్రం ఉంటుంది. దానిమీద పీచుగుడ్డ, రబ్బరు పూత. అంత వెడల్పు రేకును ఒకే ముక్కగా చుట్టే మిల్లులు, ఒకే దెబ్బలో కప్పుగా నొక్కే ప్రెస్సులు అప్పటికి రాలేదు. జనరల్ మోటార్స్ 1935లో ‘టరెట్ టాప్’ పేరుతో పూర్తి స్టీలు కప్పు తెచ్చింది. ఫోర్డ్ 1937లో మూసేసింది. వానలో ఆ గుడ్డే ముందు చివికేది. నీళ్లు లోపలి కర్ర చట్రంలోకి ఇంకేవి. కర్ర కుళ్లితే తలుపు వాలుతుంది, వాలిన తలుపు రేకును పగలగొడుతుంది. కూపే తలుపు కిందికి వాలి గీసుకుంటుంటే కీలు మార్చడం కంటే ముందు కప్పు చూడమని చెప్పేది ఇందుకే.

సొట్టలు తీసే పని చూసేవాళ్లకు మంత్రంలా ఉంటుంది. రేకుకు దెబ్బ తగిలితే అక్కడ అది లోపలికి పోవడంతో ఆగదు, సాగుతుంది కూడా. వెనక నుంచి తట్టి బయటకు తెచ్చినా సాగిన విస్తీర్ణం ఎక్కడికీ పోదు. నొక్కితే టిన్ను డబ్బా మూతలా ‘టక్’మని లోపలికీ బయటకూ ఆడుతుంది. సుత్తితో కొట్టే కొద్దీ ఇంకా సాగుతుంది. అనుభవమున్న టింకరింగ్ మేస్త్రి అక్కడ సుత్తి పక్కన పెట్టి గ్యాసు మంట తీస్తాడు. రెండు సెంటీమీటర్ల వెడల్పు చుక్కను ఎర్రగా, సుమారు 700 డిగ్రీల దాకా కాలుస్తాడు. స్వేచ్ఛగా వదిలితే ఆ చుక్క మిల్లీమీటరులో ఆరో వంతు వెడల్పు పెరగాలి. కానీ చుట్టూ చల్లటి గట్టి రేకు ఉంది, పక్కకు జరగనివ్వదు. మెత్తబడ్డ లోహం చోటు లేక మందంలోకి ఉబుకుతుంది. మేస్త్రి వెనక డాలీ అనే ఇనుప దిమ్మ పెట్టి పైనుంచి రెండు మూడు దెబ్బలు వేసి, తడిగుడ్డ అద్దుతాడు. చల్లారే లోహం కుంచించుకుంటూ చుట్టుపక్కల రేకును తనవైపు లాగుతుంది. ఇలా పది చుక్కలు వేస్తే ‘టక్’ మనే చప్పుడు ఆగిపోతుంది. పుట్టీ అక్కర్లేదు, 1930 నాటి రేకు 1930 నాటి రేకుగానే నిలుస్తుంది. ఈ పని నేర్చిన చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోతున్నారన్నదే నాకున్న దిగులు.

తలుపు పిడులు, కార్బురేటరు భాగాలు, అలంకార బొమ్మలు మాత్రం ఇంత మర్యాదగా లొంగవు. అవి జింకుతో పోతపోసినవి. ఆనాటి జింకులో కొద్దిపాటి సీసం కల్తీ ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది రేణువుల సందుల్లో తేమతో కలిసి లోపల్నుంచే తినేస్తుంది. పైన క్రోమియం మెరుస్తూనే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే బిస్కెట్‌లా విరుగుతుంది. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ అతి శుద్ధమైన జింకుతో జామాక్ అనే మిశ్రమం తెచ్చాకే ఈ జబ్బు అదుపులోకి వచ్చింది. ఒకే కారులో ఒక పిడి పొడైపోయి రెండోది చెక్కుచెదరకుండా ఉంటే, రెండోది తర్వాతెప్పుడో వచ్చి చేరిందేమో అని ఆలోచించాలి. జబ్బు కూడా సాక్ష్యమే.

తుప్పు వదిలించడానికి అందరికీ తెలిసిన దారి ఇసుక పిచికారీ. ఛాసిస్‌కు ఫర్వాలేదు గానీ బాడీ రేకుకు అది శత్రువు. ఇసుక రేణువుల దెబ్బలకు పైపొర సాగి షీటు వంకర తిరుగుతుంది. అన్నిటికంటే బాధ, తేలిగ్గా కొట్టిన నంబర్లూ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గుర్తులూ అరిగిపోతాయి. ఓపిక ఉంటే విద్యుత్తు దారి ఉంది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, అందులో బట్టల సోడా. తుప్పు భాగాన్ని బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ తీగకు, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్ తీగకు కట్టి, ఒకదానికొకటి తగలకుండా ముంచాలి. రాత్రంతా బుడగలు వస్తాయి. తెల్లారేసరికి తుప్పు నల్లటి మెత్తటి పొరగా మారి బ్రష్‌తో రాలిపోతుంది. మంచి లోహం ఒక్క పిసరు తగ్గదు. అంకెలు ఎలా ఉన్నవి అలాగే పైకి తేలుతాయి. ఆ బుడగలు హైడ్రోజన్, నిప్పు దగ్గరికి రానివ్వకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను పాజిటివ్ వైపు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు నీళ్లలో కలుస్తాయి. స్ప్రింగులను ముంచితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కి విరుగుతాయి. అల్యూమినియం, జింకు భాగాలైతే ఈ నీళ్లలో కరిగిపోతాయి.

రంగు గురించి ఒక్కచోట ఆగాలి. 1920ల మొదట్లో కారుకు రంగు వేయడమంటే నూనె వార్నిష్ పొరల మీద పొరలు. ఒక్కో పొర ఆరడానికి రోజులు, మొత్తం వారాలు. డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన డ్యూకో ఆ కష్టాన్ని గంటల్లోకి కుదించింది. అది నైట్రో సెల్యులోజ్ లాకర్. పాత సినిమా రీళ్ల ఫిల్ములో ఉన్నదీ ఆ పదార్థమే. లాకర్ ఆరేది ద్రావకం ఎగిరిపోవడం వల్ల. ఎనామిల్ ఆరేది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొత్త బంధాలు కట్టుకోవడం వల్ల. ఈ తేడాయే పరీక్ష. దూదికి థిన్నర్ అద్ది రుద్దితే, తొంభై ఏళ్ల తర్వాత కూడా లాకర్ కరిగి దూదికి అంటుతుంది. ఎనామిల్ కరగదు, మహా అయితే ముడతలు పడుతుంది. మోడల్ ఏ బాడీ లాకరు, మడ్‌గార్డులు కొలిమిలో కాల్చిన నల్ల ఎనామిల్. మడ్‌గార్డు మీద థిన్నర్‌కు రంగు వదిలిందంటే అది ఫ్యాక్టరీ పూత కాదు.

అసలు రంగు ఏదో తెలియాలంటే డాష్‌బోర్డు వెనక రూపాయి బిళ్లంత చోటు చూసుకుని, సన్నటి ఎమరీ కాగితాన్ని తడిపి గుండ్రంగా, అంచుల వైపు తేలిగ్గా, నడుమ లోతుగా అరగదీస్తారు. చెట్టు మొద్దు మీద వలయాల్లా పొరలు తేలుతాయి. బయట నిన్నటి ఎరుపు, లోపలికి వస్తే ఎవరో ఇష్టపడ్డ పాలమీగడ రంగు, ఇంకా లోపల యుద్ధకాలపు బూడిదరంగు, దానికీ లోపల ముదురాకుపచ్చ, దాని కింద ప్రైమరు, నడిమధ్యన మెరిసే స్టీలు. ఆ ముదురాకుపచ్చ పక్కన రంగుల పట్టిక పెట్టి సరిచూస్తారు. ఆ తర్వాత ఆ వలయాన్ని ఏం చేయాలన్నదే నా గుండెకు దగ్గరి ప్రశ్న. చాలామంది దానిమీద కూడా కొత్త రంగు కొట్టేస్తారు. అలాగే వదిలేయాలి. డాష్‌బోర్డు వెనక ఎవరూ చూడరు, రేపు చదవాలనుకునేవాడు తప్ప.

ఎందుకంటే ఇప్పుడు 1932 ఫోర్డ్ కూపే బాడీని కొత్త స్టీలుతో అచ్చు దించి అమ్ముతున్నారు. ఛాసిస్ కూడా కొత్తది దొరుకుతుంది. ఇంజిన్ దిమ్మతో సహా అన్నీ కొత్తవి తెచ్చి కడితే చూపులకు 1932, వయసుకు నిన్న. అందులో తప్పేమీ లేదు, అలా అని చెప్పి అమ్మినంత వరకు. నడిరోడ్డున అలాంటిదాన్నీ అసలు పాత కారునూ వేరుచేసేది నున్నగా తోమని మూలలే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో పాత భాగాన్ని వీలైనంత నిలుపుకోవాలని, కొత్తగా చేర్చింది ఏదో తెలిసేలా ఉంచాలని కోరింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో 50 ఏళ్లు దాటిన వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబర్ ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత VA అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. కారు అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది అందులో షరతు. ఆ ఒక్క షరతు చాలామంది చేతిలోని ఇసుక పిచికారీని ఆపగలదని నా ఆశ.

చివరిగా ఒక కారు మిగిలింది, ఎవరికీ కనబడని కారు. 1935లో బుగాటీ కంపెనీ పారిస్ ప్రదర్శనకు ఏరోలిత్ అనే కూపే తెచ్చింది. దాని రేకు ఎలక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమం. వెల్డింగ్ మంట తగిలితే అంటుకునే స్వభావం దానిది. అందుకని రెండు సగాల అంచులను బయటికి మడిచి, ఆ మడతను రివెట్లతో కుట్టారు. ముక్కు నుంచి తోక దాకా నడివీపున ఎత్తైన గీత నిలిచింది. దాని వెనక వచ్చిన టైప్ 57 అట్లాంటిక్ కూపేలు అల్యూమినియంవి, వెల్డింగ్‌కు ఇబ్బంది లేదు. అయినా వాటి రూపకర్త జాన్ బుగాటీ ఆ రివెట్ల గీతను తీయలేదు. అవసరం పోయాక కూడా అందంగా మిగిలిన గుర్తు అది. ఇలాంటివి చేసింది నాలుగే. ఒకటి 1955లో లెవెల్ క్రాసింగ్ దగ్గర రైలు గుద్ది నుజ్జయింది, ఆ ముక్కల నుంచే మళ్లీ నిలబెట్టారు. ఇంకో రెండు క్షేమం. నాలుగోది, జాన్ బుగాటీ సొంతానికి వాడుకున్నది, ఛాసిస్ నంబరు 57453. జర్మన్ సైన్యం వచ్చిపడినప్పుడు రైల్లో బోర్డోకు పంపాల్సిన కార్ల జాబితాలో ఆ నంబరు కనబడింది. ఆ తర్వాత ఎక్కడా లేదు. ఇప్పుడు దొరికితే విలువ 10 కోట్ల యూరోల పైమాటేనని ఆ కంపెనీ అంచనా.

రేపెవరైనా ఏ కొట్టం తలుపో తీసి ‘ఇదిగో’ అంటే, వెళ్లేవాళ్లు రంగునూ ఒంపులనూ చూడరు. వాటిని ఎవరైనా కట్టగలరు. ఒక టార్చిలైటు, కాస్త కిరోసిన్, పాత గుడ్డ పట్టుకుని కింద దూరతారు. ఇంజిన్ కాలి మీద ఎనభై ఏళ్ల జిడ్డు తుడుస్తారు. గేర్‌బాక్సు మూత, వెనక ఇరుసు, ఛాసిస్ అడ్డపట్టె ఒక్కొక్కటీ తుడిచి, అంకెలు రాసుకుంటారు, ఒకదానితో ఒకటి పోల్చుకుంటారు. 57453 కనబడ్డా అక్కడితో లేవరు. ఆ అంకెల కింద మరో నంబరు నీడ ఉందేమోనని, వెలుగును ఏటవాలుగా పట్టి, మళ్లీ చూస్తారు.